కరెంటుతో నడిచే రేడియో మైకు

కండెన్సర్ మైకు, ఒక ట్రాన్సిస్టర్, రాగితీగ చుట్ట, చిన్న ట్రిమ్మర్ కెపాసిటర్, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు ఉంటే మన మాటను ఎఫ్‌ఎం రేడియోలో వినిపించే పరికరం తయారవుతుంది. 9 వోల్టుల బ్యాటరీతో చక్కగానే పలుకుతుంది. కరెంటుకు కలిపినప్పుడే అసలు చిక్కు: మాట వెనకాల గుయ్‌మని రొద.

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల, 50 హెర్ట్జ్ ఏసీ. దాన్ని ట్రాన్స్‌ఫార్మర్‌తో తగ్గించి, నాలుగు డయోడ్ల బ్రిడ్జితో డీసీగా మార్చినా, సెకనుకు 100 సార్లు ఎగుడుదిగుడు మిగులుతుంది. వోల్టేజీ కదిలితే ట్రాన్సిస్టర్ లోపలి కెపాసిటెన్స్ మారి, ఫ్రీక్వెన్సీ ఊగుతుంది. ఆ ఊగుడే రేడియోలో రొద. 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్, దాని తర్వాత 7809 రెగ్యులేటర్ పెట్టండి, చాలావరకు అణిగిపోతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఎన్నటికీ మానకండి. ఖర్చు తగ్గుతుందని కెపాసిటర్‌తో వోల్టేజీ తగ్గించే సర్క్యూట్లు కొందరు వాడతారు. వాటిలో మైకు తాకిన చేతికే కరెంటు కొట్టి ప్రాణం పోవచ్చు. మెయిన్స్ వైపు ఫ్యూజు తప్పనిసరి.

మరో మాట. 108 మెగాహెర్ట్జ్ పైన ఉన్నవి విమానాలు వాడే రేడియో ఫ్రీక్వెన్సీలు, అటువైపు పోకండి. అనుమతి లేని ప్రసారం చట్టరీత్యా నేరం. నియమాలు తెలుసుకున్నాకే స్విచ్ వేయండి.