పరుగు లెక్క



పరుగు పందెం అంటే మీకు ఏం గుర్తుకొస్తుంది? బడిలో పిల్లలు పరుగెత్తుతారు. ముందొచ్చిన వాళ్ళకు స్టీలు గిన్నె ఇస్తారు. వెనకబడ్డ వాళ్ళను చూసి అందరూ నవ్వుతారు. అంతే కదా!

ఈరోజు చెప్పుకునే పరుగు వేరు. అందులో వేలమంది పరుగెత్తుతారు. మొదటి బహుమతి తమకు రాదని వాళ్ళకు ముందే తెలుసు. అయినా పరుగెత్తుతారు. అయిపోయాక కూర్చుని లెక్క చూసుకుంటారు. ఏమిటా లెక్క? ఆ లెక్కతో మనకేం పని? అది తెలుసుకుందాం.

వేలమంది పరుగు

హైదరాబాదులో ఏటా ఆగస్టు నెలలో పెద్ద పరుగు జరుగుతుంది. దాని పేరు హైదరాబాద్ మారథాన్. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్ల పరుగు. అంత దూరం వద్దనుకున్నవాళ్ళు అందులో సగం పరుగెత్తుతారు. ఇంకొందరు 10 కిలోమీటర్లే పరుగెత్తుతారు.

ఆరోజు చీకటితోనే హుస్సేన్ సాగర్ ఒడ్డున జనం చేరతారు. దారిలో ఫ్లైఓవర్లు ఎక్కాలి, దిగాలి. పెద్ద పరుగు గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది.

పరుగెత్తేవాళ్ళలో ఎక్కువమంది ఆటగాళ్ళు కారు. బ్యాంకులో పనిచేసేవాళ్ళు, పంతుళ్ళు, నర్సులు, ఇల్లు చూసుకునే ఆడవాళ్ళు, పింఛను తీసుకునే పెద్దవాళ్ళు. 2017లో ఒకామె చీర కట్టుకునే ఆ 42 కిలోమీటర్లూ పరుగెత్తింది.

ఎవరి గీత దగ్గర వాళ్ళ లెక్క

ఇంతమంది ఒక్కసారే బయలుదేరాలంటే ఎలా? ముందు వరసలో కొందరు, వెనక వరసల్లో కొందరు నిలబడాలి. బూర మోగగానే ముందున్నవాళ్ళు పరుగు మొదలుపెడతారు. వెనకున్నవాళ్ళు మొదలుపెట్టే గీత దగ్గరికి రావడానికే కొన్ని నిమిషాలు పడుతుంది. మరి వాళ్ళకు అన్యాయం కాదా?

అందుకే ఒక ఉపాయం చేశారు. ప్రతి ఒక్కరికీ నంబరు వేసిన కాగితం ఇస్తారు. దాన్ని రవిక మీదో, చొక్కా మీదో పిన్నులతో పెట్టుకోవాలి. ఆ కాగితానికి పలచని చిప్పు ఒకటి అంటించి ఉంటుంది. మనిషి గీత దాటగానే ఆ చిప్పు వల్ల టైం లెక్క మొదలవుతుంది. చివరి గీత దాటగానే ఆగుతుంది.

ఒకామె ఉందనుకోండి. బూర మోగినప్పటి నుంచి చూస్తే ఆమెకు 1 గంట 25 నిమిషాలు పట్టింది. చిప్పు లెక్కలో 1 గంట 20 నిమిషాలే. ఆ 5 నిమిషాలు ఆమె గుంపులో ఆగి ఉంది. ఆమె పరుగు ఎంత? 1 గంట 20 నిమిషాలే.

చూశారా! ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో అక్కణ్ణించే వాళ్ళ లెక్క. నలభై ఏళ్ళకు పలక పట్టిన ఆమెను అయిదేళ్ళకే బడికెళ్ళిన పిల్లతో పోల్చడం న్యాయమా? ఆమె గీత దాటింది నలభై ఏళ్ళకు. అక్కణ్ణించి ఎంత దూరం వచ్చిందో అదే చూడాలి.

పరుగు అయ్యాక మాటలు

పరుగు ముగిశాక వీళ్ళు ఏం మాట్లాడుకుంటారు? "ఎంత టైం పట్టింది?" అని అడుగుతారు. "పోయినసారి ఎంత?" అని అడుగుతారు. అంతటితో ఆగరు. ఎక్కడ బాగా పరుగెత్తారు, ఎక్కడ కాళ్ళు లాగాయి, ఎందుకు లాగాయి అని విప్పి చూసుకుంటారు.

ఇందాకటి ఆమె సంగతే చూడండి. ఆమె పరుగెత్తింది 10 కిలోమీటర్లు. మొదటి 5 కిలోమీటర్లకు 35 నిమిషాలు పట్టింది. తరవాతి 5 కిలోమీటర్లకు 45 నిమిషాలు పట్టింది. మొత్తం 80 నిమిషాలు. అంటే ముందు కిలోమీటరుకు 7 నిమిషాలు. తరవాత కిలోమీటరుకు 9 నిమిషాలు.

ఎందుకిలా అయింది? పక్కవాళ్ళు ఉరుకుతుంటే తనూ ఉరికింది. ఒంట్లో వేడి పెరిగింది. రొప్పు వచ్చింది. సగం దూరం వచ్చేసరికి సత్తువ తగ్గింది.

మళ్ళీసారి ఆమె జాగ్రత్త పడిందనుకోండి. మొదటి 5 కిలోమీటర్లు 39 నిమిషాల్లో వచ్చింది. తరవాతి 5 కూడా 39 నిమిషాల్లోనే వచ్చింది. మొత్తం 78 నిమిషాలు. మొదట నెమ్మదిగా వచ్చింది, చివరికి 2 నిమిషాలు ముందే చేరింది! ఇది ఎవరో చెప్పిన నీతి కాదు, కూడిక.

వానాకాలం ఇంకో చిక్కు ఉంది. మట్టికుండ సంగతి మీకు తెలుసు. ఎండాకాలం కుండ మీది తడి ఆరుతుంది. అందుకే లోపలి నీళ్ళు చల్లగా ఉంటాయి. ముసురు పట్టినప్పుడు తడి ఆరదు. నీళ్ళు అంత చల్లబడవు. మన ఒళ్ళూ అంతే. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుంది గానీ ఆరదు. వేడి లోపలే ఉండిపోతుంది. పరుగు మందగిస్తుంది. అది మనిషి తప్పు కాదు, గాలి గుణం. కారణం తెలిస్తే దిగులు పోతుంది. నీళ్ళు ఎప్పుడు తాగాలో, ఎక్కడ నెమ్మదించాలో తెలుస్తుంది.

ఆడవాళ్ళ లెక్క ఇంకొకరు రాసినప్పుడు

ఇప్పుడు పాత కథ ఒకటి. 1928లో నెదర్లాండ్స్ దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒలింపిక్ ఆటలు జరిగాయి. ఆడవాళ్ళకు మొట్టమొదటిసారి 800 మీటర్ల పరుగు పెట్టారు. చివరి పందెంలో తొమ్మిదిమంది పరుగెత్తారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే గెలిచింది. ప్రపంచంలోనే కొత్త రికార్డు పెట్టింది.

మరి కొన్ని పత్రికలు ఏం రాశాయి? ఆడవాళ్ళు కుప్పకూలిపోయారు, చూడడానికే ఘోరంగా ఉంది అని రాశాయి. నిజానికి తొమ్మిదిమందీ చివరిదాకా పరుగెత్తారు. పందెం అయ్యాక అలసిపోయారు. మగవాళ్ళు అలసిపోరా? కానీ రాసిన మాటే నిలిచింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు 800 మీటర్ల పరుగు తీసేశారు. మళ్ళీ పెట్టింది 1960లో. 32 ఏళ్ళు పట్టింది!

అమెరికాలో బోస్టన్ అనే ఊళ్ళో పాత మారథాన్ ఉంది. 1966లో బాబీ గిబ్ అనే ఆమె అందులో పరుగెత్తుతానని రాసింది. ఆడవాళ్ళ ఒంటికి అంత శక్తి లేదని జవాబు వచ్చింది. ఆమె ఊరుకుందా? మొదలుపెట్టే చోట పొదల చాటున దాక్కుంది. పరుగు మొదలవగానే గుంపులో కలిసింది. 3 గంటల 21 నిమిషాల్లో చేరింది. సగం కంటే ఎక్కువమంది మగవాళ్ళు ఆమె వెనకే వచ్చారు.

మరుసటి ఏడు కాథరీన్ స్విట్జర్ అనే అమ్మాయి నంబరు తీసుకుని మరీ దిగింది. ఆమె నంబరు 261. పందెం నడిపే పెద్దమనిషి ఒకాయన దారిలోనే ఆమెను పట్టుకుని, నంబరు లాగేయబోయాడు. ఆమె ఆగలేదు. చివరిదాకా పరుగెత్తింది.

1972లో బోస్టన్‌లో ఆడవాళ్ళను చేర్చుకున్నారు. 1984లో ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు మారథాన్ పెట్టారు. ఆడదాని ఒంట్లో ఎంత శక్తి ఉందో అంతకుముందు ఎవరెవరో రాశారు. ఆడవాళ్ళు పరుగెత్తి, గడియారం చూపించాక ఆ రాతలు చెల్లలేదు.

పోటీకి ఎవరూ లేని పరుగు

పంజాబుకు చెందిన మన్ కౌర్ 1916లో పుట్టింది. చిన్నప్పుడే తల్లి పోయింది. పెద్దయ్యాక పాటియాలా రాజుగారి ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని చేసింది. పరుగు మొదలుపెట్టింది ఎప్పుడో తెలుసా? 93 ఏళ్ళ వయసులో! కొడుకు పరుగెత్తేవాడు. అమ్మను కూడా రమ్మన్నాడు. ఆమె వెళ్ళింది.

2016లో కెనడా దేశంలో ఆమె 100 మీటర్లు పరుగెత్తింది. 1 నిమిషం 21 సెకన్లు పట్టింది. 2017లో న్యూజిలాండ్ దేశంలో మళ్ళీ పరుగెత్తింది. అప్పటికి ఆమెకు 101 ఏళ్ళు. ఈసారి 1 నిమిషం 14 సెకన్లు. ఏడాది వయసు పెరిగింది, 7 సెకన్లు తగ్గాయి!

ఆ వయసువాళ్ళ పందెంలో ఆమె ఒక్కతే ఉంది. మరి ఎవరితో పోటీ పడింది? పోయిన ఏటి మన్ కౌర్‌తో. ఆమె 2021లో 105 ఏళ్ళ వయసులో చనిపోయింది.

ఒక బహుమతి, ఒక ప్రశ్న

మహారాష్ట్రలో బారామతి అనే ఊరు ఉంది. అక్కడ లతా భగవాన్ కరే అనే కూలిమనిషి ఉంది. అరవై ఏళ్ళు దాటాక భర్తకు జబ్బు చేసింది. పెద్ద పరీక్ష చేయించాలన్నారు. డబ్బులు లేవు. ఊళ్ళో పరుగు పందెం ఉందని, గెలిస్తే డబ్బు ఇస్తారని తెలిసింది. తొమ్మిది గజాల చీర కట్టుకుని, చెప్పులు లేకుండా 3 కిలోమీటర్లు పరుగెత్తింది. పెద్దవాళ్ళ పందెంలో గెలిచింది. ఆ తరవాత కూడా పరుగెత్తి గెలిచింది. ఆమె కథ 2020లో మరాఠీ సినిమాగా వచ్చింది. తీసింది మన తెలుగు మనిషి నవీన్ దేశబోయిన. ఆమె వేషం ఆమే వేసింది.

ఆమెను మెచ్చుకోవాల్సిందే. కానీ ఇంకో మాట కూడా అడగాలి. భర్తకు పరీక్ష చేయించడానికి అరవై దాటిన మనిషి రోడ్డు మీద ఎందుకు పరుగెత్తాలి? ఆమె ఓడిపోయి ఉంటే ఆ పరీక్ష ఎవరు చేయించేవాళ్ళు? చప్పట్లు కొట్టి ఈ ప్రశ్న మరిచిపోకూడదు.

నెమ్మదించిన కాలు ఏం చెబుతుంది?

"మాకు పరుగెందుకు? పొద్దున లేస్తే పనే కదా" అని మీరు అనవచ్చు. నిజమే. పరుగెత్తకపోయినా పరవాలేదు. నడక చాలు. కానీ లెక్క మాత్రం రాసుకోండి. ఎందుకో వినండి.

ఒకామె రోజూ ఊరి చివర గుడిదాకా నడిచి వస్తుంది. 30 నిమిషాలు పట్టేది. రెండు నెలలకు 38 నిమిషాలు పడుతోంది. దారి అదే, మనిషి అదే. ఆయాసం వస్తోంది. కళ్ళు తిరుగుతున్నాయి. ఇంట్లోవాళ్ళు "బద్ధకం" అంటారు. ఆమె కూడా "వయసు" అనుకుంటుంది. అసలు కారణం రక్తం తక్కువ కావడం అయి ఉండవచ్చు.

మనం పీల్చే గాలిలోని ప్రాణవాయువును ఒళ్ళంతా మోసుకెళ్ళేది రక్తంలోని హిమోగ్లోబిన్. దానికి ఇనుము కావాలి. అది తగ్గితే కాళ్ళకు ప్రాణవాయువు చాలదు. 2019-21లో దేశమంతా ఆరోగ్య సర్వే చేశారు. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 100 మందికి 57 మందిలో రక్తం తక్కువగా ఉందని తేలింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంకా కాస్త ఎక్కువే. మన వీధిలో పదిమంది ఆడవాళ్ళు ఉంటే అయిదారుగురి సంగతి ఇది!

గర్భిణి కాని ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గకూడదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్ష చేస్తారు. చీటీ మీద అంకె రాసి ఇస్తారు. ఆ అంకె మీరే చదవండి. తక్కువైతే డాక్టరు చెప్పినట్టు ఇనుము మాత్రలు వేసుకోండి. ఆకుకూరలు, పప్పులు తినండి. అందరికీ పెట్టాక మిగిలింది తినడం కాదు, అందరితో కలిసి తినండి. నడుస్తుంటే గుండెల్లో నొప్పి వస్తే వెంటనే ఆగాలి. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

మీ పేజీ మీరే రాయండి

పరుగెత్తేవాళ్ళు చాలామంది చిన్న పుస్తకం పెట్టుకుంటారు. మీరూ ఒకటి పెట్టుకోండి. ఇలా రాయండి:

తేదీ: 
ఎక్కణ్ణించి ఎక్కడికి: 
బయలుదేరిన టైం: 
చేరిన టైం: 
రాత్రి నిద్ర ఎన్ని గంటలు: 
ఏం తిన్నాను: 
ఒళ్ళు ఎలా ఉంది:

నెల తరవాత మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన పెట్టి చూడండి. పక్కింటి ఆమె పేజీతో పోల్చవద్దు. ఆమె గీత వేరు, మీ గీత వేరు. టైం తగ్గితే సంతోషించండి. పెరిగితే తిట్టుకోకండి. ఎందుకు పెరిగిందో వెతకండి. నిద్ర చాలలేదా? అన్నం తినలేదా? జ్వరం వచ్చిందా? రక్తం తగ్గిందా? జవాబు మీ పేజీలోనే దొరకవచ్చు.

ఒకప్పుడు ఆడవాళ్ళ శక్తి ఎంతో వేరేవాళ్ళు రాశారు. తప్పు రాశారు. ఇప్పుడు పెన్సిలు మీ చేతిలో ఉంది. అక్షరాలు మీకొచ్చు. అంకెలు మీకొచ్చు. ఎవరి లెక్క వాళ్ళే రాసుకోండి.

మాట్లాడుకోండి

1. మొదట నెమ్మదిగా పరుగెత్తిన ఆమె చివరికి ముందే ఎలా చేరింది? లెక్క వేసి చూడండి.
2. "ఆడవాళ్ళకు చేతకాదు" అని మీ ఊళ్ళో ఏయే పనుల గురించి అంటారు? అది నిజమేనా?
3. మీ సంఘంలో ఎంతమందికి తమ హిమోగ్లోబిన్ ఎంతో తెలుసు? తెలియనివాళ్ళంతా కలిసి ఎప్పుడు వెళతారు? తేదీ రాసుకోండి.