కచేరీ ప్రింటర్లు: ముందుగా చేయవలసిన అమరిక



నేడు ఏ కచేరీకి పోయినను బల్లమీద కంప్యూటరు, దాని ప్రక్కన ప్రింటరు కనబడుచున్నవి. కుల ధ్రువపత్రమైనను, ఆదాయ ధ్రువపత్రమైనను, భూమి కాగితమైనను ఆ యంత్రమునుండియే వెలువడవలెను. మీసేవ కేంద్రములు 2011వ సంవత్సరమున ఆరంభమైనవి. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా యేర్పడిన పిదప ఆ పట్టణమునకు జిల్లా కార్యాలయములును వచ్చినవి. పల్లెవానికి ఈ యంత్రములతోడి పని నానాటికి పెరుగుచున్నదే గాని తగ్గుట లేదు.

ఈ యంత్రములను అమర్చుట నా వృత్తి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడూళ్ల నడుమనే నా తిరుగుడంతయు. పోయిన ప్రతిచోటను ప్రింటరును నిందించుటయే వినుచుందును. తప్పు పలుమారు ప్రింటరుది కాదు. కంప్యూటరునకును ప్రింటరునకును నడుమ దుబాసీవలె నిలుచు ప్రోగ్రామొకటి గలదు. దానిని డ్రైవరందురు. బండి తోలువాడు కాడు సుమా! కంప్యూటరు చెప్పినదానిని ప్రింటరునకు తెలియునట్లు మార్చి చెప్పుటయే దీని పని.

ఈ దుబాసీకి ఎవరును ఏమియు చెప్పనియెడల తానే కొన్ని సంగతులు నిశ్చయించుకొనును. కాగితపు కొలత యెంత? ముద్రించుట ఒకవైపా, రెండువైపులా? రంగులా, నలుపా? ఈ నిశ్చయములను డీఫాల్టు సెట్టింగులందురు. చెప్పకున్నను జరిగిపోవునవి యని అర్థము. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

అమెరికాలో వాడుక కాగితమునకు లెటరని పేరు. దాని వెడల్పు 216, పొడవు 279 మిల్లీమీటర్లు. మనము వాడునది ఏ-4. దాని వెడల్పు 210, పొడవు 297. ఈ ఏ-4 కొలత 1922లో జర్మనీలో నిర్ణయింపబడి, క్రమముగా లోకమున పెక్కుదేశములకు వ్యాపించినది. మన దేశమున 1956 నాటి చట్టము ననుసరించి శేరు పోయి కిలో, గజము పోయి మీటరు వచ్చినప్పుడు సంతలలో కలిగిన తికమక మీలో పెద్దవారికి జ్ఞాపకముండవచ్చును. ఇదియు అట్టి తికమకయే. కాని యిది కంటికి కనబడదు. కొన్ని డ్రైవర్లు లెటరు కొలతతోనే వచ్చును. ట్రేలో నున్నది ఏ-4, డ్రైవరు తలచునది లెటరు. అప్పుడు అక్షరములు కుంచించుకొనిపోవును. లేదా అడుగుభాగము తెగిపోవును. లేదా ప్రింటరు తనకు లేని కాగితమునకై దీపము మినుకుమినుకుమనిపించుచు నిలిచిపోవును.

పొడవులో భేదము 18 మిల్లీమీటర్లు, అనగా బొటనవ్రేలి వెడల్పు మాత్రమే. ఇంతేకదా యందురేమో. పత్రమున సంతకము, సంఖ్య, పరీక్షించు గుర్తు తరచుగా ఉండునది ఆ బొటనవ్రేలి వెడల్పులోనే! ఒక కార్యాలయమున నేను పనిచేయుచుండగా వృద్ధరైతొకడు కాగితము చేతబట్టుకొని తిరిగివచ్చెను. అడుగు వరుస లేదని బ్యాంకువారు త్రిప్పిపంపిరట. బస్సు కిరాయి రెండుమార్లు, పొలముపని ఒకదినము పోయినవి. అక్కడి గుమాస్తా యెరిగి చేసిన దోషమేదియు లేదు.

ఆ గుమాస్తా తన కంప్యూటరులో సెట్టింగును సరిచేసికొనినను తీరలేదు. విండోసు పద్ధతిలో రెండంతస్తులున్నవి. ప్రతివాడును తన మట్టుకు చేసికొను అమరిక యొకటి. యంత్రాధికారి అందరికి వర్తించునట్లు చేయు అమరిక మరియొకటి. గుమాస్తా మార్చునది మొదటిదానిని మాత్రమే. అతడు బదిలీయై పోయి క్రొత్తవాడు తన పేరుతో ప్రవేశించినప్పుడు, పై యంతస్తులో నున్న పాత తప్పే వానికి సంక్రమించును. బదిలీలు మన కచేరీలలో ఎంత మామూలో మీకు నేను చెప్పనక్కరలేదు.

కావున డ్రైవరును పది కంప్యూటర్లలో నెక్కించి, పిమ్మట ఒక్కొక్కదానిని దిద్దుట వృథాశ్రమ. కుంచము కొలత కళ్లమునకు పోకమునుపే చూచుకొనవలెను. రికో, హెచ్‌పీ మొదలగు కంపెనీలు డ్రైవరును ఎక్కించుటకు పూర్వమే దానిలో మనకు వలసిన అమరికలను చేర్చుటకు ప్రత్యేక సాధనముల నిచ్చుచున్నవి. అట్టి సాధనము లేనిచోట, ఒక్క కంప్యూటరులో అన్నియు సరిగా అమర్చి, ఆ యమరికను విండోసులోని ఆజ్ఞచేతనే ఒక ఫైలుగా దాచి, అదే ప్రింటరు, అదే డ్రైవరు గల తక్కినవానికి వినియోగింపవచ్చును. డ్రైవరు ఫైళ్లను చేతితో దిద్దుట మాత్రము కూడదు. తయారుచేసినవారి డిజిటల్ సంతకము చెడును. ముద్ర విప్పిన మూటను సరకుదారు పుచ్చుకొననట్లు విండోసు దానిని నిరాకరించును. 2021 ఆగస్టు మొదలు భద్రత కొరకు ప్రింటరు డ్రైవరు నెక్కించుటకు యంత్రాధికారి యనుమతి వలయునని విండోసులో నియమమైనది. అనగా తప్పు దొరలినచో గుమాస్తా తానే డ్రైవరును మరల ఎక్కించుకొనజాలడు. మాబోటివారు వచ్చువరకు జనులు వరుసలో నిలువవలసినదే.

ఇక ఏ యమరిక మంచిది? కాగితపు పొదుపునకు రెండువైపుల ముద్రణ మేలు. సర్వోన్నత న్యాయస్థానమువారును 2020 ఏప్రిల్ 1 నుండి ఏ-4 కాగితమును రెండువైపుల వాడవలెనని నిర్ణయించిరి. కచేరీలోని దస్త్రములకు ఇది తగును. జనులకిచ్చు కిటికీకడ నేను ఒప్పుకొనను. పలువురి పత్రములను ఒక్క ఫైలుగా ముద్రించునప్పుడు ఒకని వివరములు వేరొకని కాగితము వెనుక పడును. మిర్యాలగూడలో ధాన్యపు మిల్లులు మెండు. ఒక రైతు తూకపు లెక్క మరియొకని చీటీ వెనుక చేరిన నెంత రచ్చయగునో యోచింపుడు. అందుచేత లోపలి గదికొక అమరిక, కిటికీకొక అమరిక ముందే వేరువేరుగా సిద్ధపరుపవలెను. రంగు మాటకు వాదమే లేదు, నలుపు చాలును.

మీ గ్రామపంచాయతీకి క్రొత్త ప్రింటరు వచ్చినప్పుడు, రొక్కము చెల్లింపకమునుపే అమ్మినవానిచేత ఒక పత్రమును ముద్రింపించి, అడుగు వరుస యున్నదో లేదో చూడుడు. అమరికను దాచిన ఫైలును కార్యదర్శిగారి యొద్ద నుంచుమని యడుగుడు. డ్రైవరును మార్చిన దినమున అది మరల కావలసివచ్చును. ఇక కచేరీ కిటికీకడ కాగితము పుచ్చుకొన్నప్పుడు మీ పేరుతో పాటు చిట్టచివరి వరుసను గూడ అక్కడనే చదువుకొనుడు. అది లేనియెడల, ఏ-4 కొలత యెంచి మరల ముద్రింపుమని అడుగుటకు సంకోచింపవలదు.