తన మాట తానే రాసుకున్న మాని
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాగార్జునకొండ మనందరం చూసిందే. అక్కడ ఇక్ష్వాకులు ఏలిన మూడో శతాబ్దంలోనే, క్రీ.శ. 216లో, బాబిలోనియాలో మాని పుట్టాడు. వెలుగు, చీకటి రెండూ ఆదినుంచీ ఉన్నాయనీ, చీకటిలో చిక్కిన వెలుగును విడిపించాలనీ చెప్పాడు. బుద్ధుడు, జరతుష్ట్ర, ఏసు తనకు ముందు వచ్చిన ప్రవక్తలన్నాడు. ఓడెక్కి మన దేశానికీ వచ్చి బోధించాడు. అతని సన్యాసులు మొక్క కోయరాదు. గృహస్థులే అన్నం పెట్టాలి. మన మిరప చేలల్లో అయితే ఆ పాపమంతా కోత కూలీలకే చుట్టుకునేది!

గుమాస్తాగా నన్ను పట్టుకున్నది మరొకటి. ముందటి గురువులు స్వయంగా రాయలేదు, శిష్యుల చేతిలో మాట మారింది అని, తానే ఏడు గ్రంథాలు రాశాడు. బహ్రాం రాజు చెరలో పెడితే అక్కడే పోయాడు. ఆ ఏడింటిలో ఒక్కటీ పూర్తిగా మిగల్లేదు. ఇరవయ్యో శతాబ్దంలో తుర్ఫాన్‌లో, ఈజిప్టులో ఆ మతస్థుల చిరిగిన పుటలు దొరికేదాకా, లోకానికి అతను తెలిసింది ఎక్కువగా విరోధుల రాతల వల్లనే. వారిలో అగస్టీన్ తొమ్మిదేళ్లు ఆ మతంలో ఉండి బయటికొచ్చినవాడు.

నా సర్వీసు రిజిస్టరులో రెండేళ్ల పేజీలు చెదలు తినేశాయి. ఊరందరి రిజిస్టర్లూ రాసినవాణ్ణి, నా పెన్షను కాగితాలే ఆగిపోయాయి. చివరికి ఆ రెండేళ్లకు దొరికిన సాక్ష్యం, అప్పట్లో నామీద ఒకాయన పెట్టిన ఫిర్యాదు. దాని నకలు జతచేసే పెన్షను తెచ్చుకున్నాను.