వాటర్ సర్వీసింగ్ పెట్టుకునే తమ్ముళ్ళకు
(మండల రైతు సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల మన సంఘం ఆఫీసుకు ఒక తమ్ముడు వచ్చిండు. సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాలు కౌలుకు చేస్తాడు. పొలం రోడ్డు పక్కనే, అందులో బోరు ఉంది. ఆ నీళ్ళకు ప్రెషర్ పంపు తగిలించి బైకులకు, ట్రాక్టర్లకు వాటర్ సర్వీసింగ్ మొదలుపెట్టిండు. గిరాకీ బాగానే ఉంది. కరెంటు మాత్రం వ్యవసాయ కనెక్షన్‌ది. తనిఖీకి వచ్చినవాళ్ళు రాసిన బిల్లు, అతను ఇన్ని నెలలు మిగుల్చుకున్న దానికంటే ఎక్కువ. కనెక్షన్ భూమి ఆసామి పేరు మీద ఉంది కాబట్టి నోటీసు ఆయనకు పోయింది. ఇప్పుడు కౌలు ఉంటుందో ఊడుతుందో తెలియని పరిస్థితి.

అందుకే ఈ మాటలు చెప్తున్న. గిట్టుబాటు ధర కోసం కొట్లాడుడు మానేసి షాపులు పెట్టుకోండని సంఘం ఎన్నడూ చెప్పదు. కానీ పంట మీద ఇల్లు గడవక మన పిల్లలు ఈ పనిలోకి దిగుతున్నరు. దిగేవాళ్ళు మునగొద్దు.

ఉచిత కరెంటు సేద్యానికే ఇచ్చింది. దాంతో బండ్లు కడిగితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం. ఆ వాడకానికి వర్తించే రేటుకు రెండింతలు వేస్తరు. ఎప్పటినుంచి వాడిన్రో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్క కడతరు. ముందు వచ్చేది తాత్కాలిక బిల్లు. దానిమీద అభ్యంతరం కాగితం మీద రాసి ఇవ్వొచ్చు. చాలామంది భయపడి ఊరుకుంటున్నరు, అది తప్పు. తుది ఉత్తర్వు వచ్చినంక 30 రోజుల్లో అప్పీలు ఉంది, కానీ సగం డబ్బు కట్టాల్సి వస్తుంది. ఇంత తిప్పలు పడే బదులు మొదలే కమర్షియల్ మీటరు పెట్టించుకోండి.

మిషన్ మనకు కొత్తదేం కాదు. బత్తాయి తోటల్లో మందు కొట్టే మూడు పిస్టన్ల పంపు లాంటిదే. అయితే మందు కొట్టిన పంపునూ పైపులనూ తెచ్చి బండ్లు కడగొద్దు. లోపల మిగిలిన మందు రోజంతా మీ చేతుల మీద, మొహం మీద పడుతది. నీళ్ళలో నిలబడి చేసే పని కనుక ఎర్తింగ్ సరిగా ఉండాలె, కరెంటు లీకైతే వెంటనే ఆపే బ్రేకర్ ఉండాలె. ఇక్కడ రూపాయి మిగుల్చుకోవద్దు. గన్ను మనిషి దిక్కు ఎప్పుడూ తిప్పొద్దు, ఆ ధార చర్మంలోకి దిగుతది. రేడియేటర్ రెక్కల మీద, వైరింగ్ మీద, బేరింగుల మీద దగ్గరగా కొట్టొద్దు. ఆయిలు కలిసిన నీళ్ళు కాలువలోకి పోకుండా ఒక గుంత తీసి, మట్టీ ఆయిలూ అందులో ఆగేటట్టు చూడండి. ఆ కాలువ కింద పారేది మన పొలమే కదా.

ఇక డబ్బు సంగతి. ఒక్కరే పెట్టుకున్న షాపుకు, మీకు చట్టం దృష్టిలో తేడా లేదు. షాపు అప్పు మీ అప్పే. ఎవరి ట్రాక్టరో చెడిపోతే నష్టపరిహారం మీ ఇంట్లోంచే పోవాలె. అందుకే పాస్‌బుక్ తాకట్టు పెట్టి షెడ్డు కట్టొద్దు. పంట రుణం తెచ్చి మిషన్ కొనొద్దు. ముద్రలో శిశు రుణం 50 వేల దాకా తాకట్టు లేకుండానే ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు పైసా ఫీజు లేదు, ఎవరన్నా అడిగితే ఇవ్వకండి. సేవల టర్నోవరు ఏడాదికి 20 లక్షలు దాటనంత వరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పంచాయతీ లైసెన్సు మాత్రం తీసుకోండి. ఈ ఆదాయం వ్యవసాయ ఆదాయం కింద రాదు, దాని లెక్క వేరే పుస్తకంలో రాయండి.

లెక్క కోసం ఒక అంకె వేసుకుందాం. రోజుకు 6 బైకులు, బైకుకు 100, నెలకు 20 రోజులు. 12 వేలు. జాగా కిరాయి 2 వేలు, కరెంటు 2 వేలు, షాంపూ, డీజిల్ 1,500 తీస్తే 6,500. ఇందులో మీ కూలి లెక్కపెట్టలేదు, పంపు సీళ్ళు పోతే అయ్యే ఖర్చు లేదు. వాన ముసురు పట్టిందంటే బైకు ఒక్కటి రాదు. దసరాకు మాత్రం లైను కడతరు. కాబట్టి దసరా ఆమ్దానీ చూసి కొత్త మిషన్‌కు అడ్వాన్సు ఇవ్వకండి.

ఆ తమ్ముడి అభ్యంతర పత్రం మన ఆఫీసులోనే రాసి ఇచ్చినం. జవాబు ఇంకా రాలేదు. ఇట్లాంటి నోటీసు వచ్చినవాళ్ళు ఈ సభలో ఉంటే భోజనాలయ్యాక కాగితాలు పట్టుకొని నా దగ్గరికి రండి.