చందమామ చిట్టా సరిచేసిన ఆవిడ

పట్టాలు అందుకుంటున్న మీకు అభినందనలు, ఫీజులు కట్టిన మీ అమ్మానాన్నలకు ఇంకాస్త ఎక్కువ అభినందనలు. మర్యాదలు అయిపోయాయి, విషయానికొస్తాను.

నా ఉద్యోగమంతా పటాల మధ్యే గడిచింది. చేరిన కొత్తలో పాత పటంలోని ఊరి పేర్లను కొత్త పటంతో సరిచూసే పని ఇచ్చారు. ఒక పటంలో వాగుకి ఇవతలున్న పల్లె ఇంకోదాంట్లో అవతలికి పోయేది. ఇంజనీరింగు చదివింది ఇందుకా అని సణుక్కుంటుంటే, మా పై అధికారి మేరీ బ్లాగ్ గురించి చెప్పారు.

ఆవిడది ఇంగ్లండులోని చీడిల్. 1858లో పుట్టారు. అన్నదమ్ముల స్కూలు పుస్తకాలు తీసుకుని సొంతంగా లెక్కలు నేర్చుకున్నారు. అప్పట్లో చంద్రుడి పటాల్లో పేర్ల గందరగోళం ఇంతా అంతా కాదు. ఒకే బిలానికి ఒక్కో పటంలో ఒక్కో పేరు, ఒకే పేరుతో రెండు బిలాలు. బ్లాగ్ ఆ పటాలన్నీ ముందేసుకుని, ఒక్కో పేరూ పోల్చి జాబితా కట్టారు. అది 1913లో అచ్చయింది. తర్వాత కార్ల్ ముల్లర్ అనే ఆయనతో కలిసి చేసిన జాబితాను 1935లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్రచురించింది. చంద్రుడి మీది పేర్లకు అదే ప్రమాణమైంది.

ఆవిడ పేరూ చంద్రుడి మీదికెక్కింది. మనకు కనిపించే ముఖానికి ఇంచుమించు నడిమధ్యన, సైనస్ మెడీ మైదానంలో, సుమారు 5 కిలోమీటర్ల వెడల్పున్న బుల్లి బిలం. కోపర్నికస్ బిలమైతే 90 కిలోమీటర్ల పైమాటే!

ఇక నా బెంగ చెప్తాను. మీ ప్రాజెక్టు రిపోర్టులు కొన్ని తెప్పించుకు చూశాను. అట్ట మీద మీ పేర్లు బంగారు అక్షరాల్లో మెరుస్తున్నాయి. లోపల గ్రాఫులో ఏ గీత సమయమో, ఏది ఉష్ణోగ్రతో రాయలేదు. చదివేవాడు జాతకం చూసి చెప్పాలా నాయనా? అందరికీ కొత్తది కనిపెట్టాలనే ఉంది, ఉన్నది సరిచూసే ఓపిక ఎవరికీ లేదు. వంతెన కూలితే కమిటీ వేస్తాం, డ్రాయింగు సరిచూసినవాడికి మాత్రం దండ వేయం.

స్టార్టప్ పెట్టండి, అమెరికా వెళ్లండి, కాదనను. ఎక్కడున్నా మొదటి ఏడాదే ఎవరూ ముట్టని జాబితా ఒకటి మీ బల్ల మీదికొస్తుంది. పక్కవాడి మీదికి తోయకండి. ఒక రిజర్వాయరు కింద మునిగే ఊళ్ల లెక్కలో ఓ చిన్న పేట జారిపోయిందని నేను పట్టుకోగలిగింది ఆ పాత పేర్ల చాకిరీ వల్లే. ఆ పేటవాళ్లకు పరిహారం అందింది. నా పేరు వాళ్లకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

పట్టా చేతికి రాగానే సెల్ఫీకి పరిగెత్తకండి. ముందు ఇంటిపేరు స్పెల్లింగు సరిగా ఉందో లేదో చూసుకోండి. తప్పుంటే ఇవాళే చెప్పండి, రేపటి నుంచి అఫిడవిట్లు అడుగుతారు!