వేసవిలో పరిశోధనాలయమునకు: గ్రామ విద్యార్థులు, మన కర్తవ్యము

పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమునందు చేసిన ప్రసంగ పాఠము



పంచాయతీ సమావేశములలో సాధారణముగ చర్చకు వచ్చునవి మంచినీరు, వీధి దీపములు, మురుగుకాలువలు, పన్నుల వసూలు. నేడు మేము మీ ముందుంచు విషయము వానిలో చేరినది కాదు. డిగ్రీ చదువుచున్న మన గ్రామముల బాలబాలికలకు వేసవి సెలవులలో రెండు నెలలపాటు శాస్త్ర పరిశోధనాలయములలో పనిచేయు అవకాశము కలదు. దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. ఇది కళాశాలల సంగతి గదా, మాకేల యని మీకు తోచవచ్చును. ప్రసంగము ముగియునప్పటికి ఇది మన అందరి సంగతియే యని మీరే అందురని మా నమ్మకము.

మేము డిగ్రీ కళాశాలలో రసాయన శాస్త్రము బోధించువారము. మొదట మా పొరపాటునే చెప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట, వేరుసెనగ పండించు మెట్ట గ్రామమునుండి వచ్చిన విద్యార్థి యొకడు మా వద్ద చదివెను. చురుకైనవాడు. అతనిచేత వేసవి పరిశోధనకు దరఖాస్తు పెట్టించితిమి. అతడు ఎంపికయ్యెను. ఆ వార్త ఈ-మెయిలులో వచ్చినది. సమ్మతి తెలుపుటకు గడువు కొలది దినములే. అప్పుడతడు ఊరిలో పొలము పనిలో నుండెను. ఇంటిలోనున్న ఒకే సెల్‌ఫోను తండ్రి చేతిలో నుండెను. అతడు చూచుకొనునప్పటికి గడువు దాటిపోయెను. దరఖాస్తు పెట్టించితిమే గాని, ఆ పిమ్మట దినదినము జాబు చూచుకొనవలెనని మేము గట్టిగా చెప్పలేదు. ఆ వేసవి అతడు ఇటుక బట్టీలో కూలికి పోయెను. కూలిపని తక్కువదని మేమనము. కాని చేతికందిన అవకాశము చెప్పువారు లేక జారిపోయినది, మరల రాలేదు. అట్లు మరియొకరికి జరుగకుండుటకే ఈ ప్రసంగము.

పరిశోధన యనగా ఏమి? రైతునకు ఇది క్రొత్త గాదు. ఒక మడికి ఎరువు వేసి, ప్రక్క మడికి వేయక, రెండింటి పంటను తూచి చూచిన రైతు పరిశోధన చేసినవాడే. పరిశోధనాలయమున జరుగునది అదియే. అయితే ప్రశ్నను ముందుగా స్పష్టముగ వ్రాసుకొందురు, కొలతలు పలుమారులు తీయుదురు, ప్రతిదానికి తేదీ వేసి పుస్తకమున నమోదు చేయుదురు, తప్పిన ప్రయోగమును గూడ దాచక వ్రాయుదురు. ఈ అలవాటు తరగతి గదిలో పాఠము విన్నంతమాత్రమున రాదు. పనిచేయు శాస్త్రజ్ఞుని ప్రక్కన నిలిచి నేర్చుకొనవలెను.

విద్యార్థి దశలో ఇట్టి పని సాధ్యమా యని సందేహింపవలదు. చిన్ననాట విశాఖపట్టణమున చదివిన చంద్రశేఖర వేంకట రామన్‌గారు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో విద్యార్థిగ నుండగనే, 1906లో, 18 ఏండ్ల ప్రాయమున, తమ తొలి పరిశోధన వ్యాసమును ఇంగ్లండులోని శాస్త్ర పత్రికయందు ప్రకటించిరి. 1930లో వారికి నోబెల్ బహుమానము లభించెను. 1934లో వారే బెంగుళూరున ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌ను స్థాపించిరి. నేడు ఆ అకాడమీ, ఢిల్లీలోని ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ, అలహాబాదున 1930లో నెలకొల్పబడిన నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఈ మూడును కలసి వేసవి పరిశోధన భృతులను ఇచ్చుచున్నవి. ఎంపికైన విద్యార్థిని దేశమున ఏదో యొక విశ్వవిద్యాలయమునకో, పరిశోధనాలయమునకో పంపి, ఒక శాస్త్రజ్ఞుని క్రింద రెండు నెలలు పని నేర్పింతురు. బెంగుళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రము, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ మొదలగునవి గూడ వేరుగ ఇట్టి కార్యక్రమములను నడుపుచున్నవి.

మన ప్రాంతమునను పరిశోధన సంస్థలకు కొదువ లేదు. హైదరాబాదులో జీవకణములను పరిశీలించు సి.సి.ఎం.బి., భూగర్భమును శోధించు ఎన్.జి.ఆర్.ఐ., రసాయనములపై కృషిచేయు ఐ.ఐ.సి.టి. కలవు. తిరుపతి సమీపమున గాదంకి యను గ్రామమున వాతావరణ పరిశోధనశాల యున్నది. ఆకాశమునందలి గాలుల గమనమును కనిపెట్టు పెద్ద రాడారు అచట పనిచేయుచున్నది. శాస్త్రము పట్టణములకే చెందినదను వారికి గాదంకియే సమాధానము.

అమెరికాలోను ఇట్టి ఏర్పాటు కలదు. అచటి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1987 నుండి దానిని నడుపుచున్నది. కాని ఆ భృతి ఆ దేశపు పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. అచట స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలకు అది ఉపయోగపడును. మన గ్రామ విద్యార్థి ముందుగ చూడవలసినది స్వదేశపు సంస్థలనే.

ఇక దరఖాస్తు సంగతి. అకాడమీల ప్రకటన సాధారణముగ శీతకాలమున, అనగా వరికోతల దినములలో వచ్చును. ఇంటిల్లిపాది కళ్లములో నుండు కాలమది; గడువు తెలియకుండగనే పోవును. దరఖాస్తు ఆన్‌లైనులో పెట్టవలెను. పదవ తరగతి నుండి మార్కుల వివరములు, తానేమి నేర్వదలచెనో తెలుపు చిన్న వ్యాసము, తన్ను ఎరిగిన అధ్యాపకుని సిఫారసు లేఖ ఇందులకు ముఖ్యములు. ఆ వ్యాసమును ఎచ్చటనుండియో ఎత్తి వ్రాయుట తగదు. “మా ఊరి బోరునీటితో కాచిన కుండ అడుగున తెల్లని పొర ఏల కట్టుచున్నది?” అని తన సొంత ప్రశ్నతో మొదలిడిన విద్యార్థి మాట చదువువారి మనస్సునకు తగులును. సిఫారసు లేఖకు గడువు దినమున పరుగెత్తరాదు. మూడు వారముల ముందే అధ్యాపకుని అడుగవలెను. ఒక్క సంస్థతో తృప్తిపడక నాలుగింటికి పెట్టవలెను. ఎంపిక కానిచో నిరాశ చెందక మరుసటి ఏడు మరల పెట్టవలెను.

మోసగాండ్ర విషయమున జాగ్రత్త యవసరము. పైన చెప్పిన కార్యక్రమములలో విద్యార్థికే భృతి ఇత్తురు. వేలకు వేలు కట్టినచో ఇంటివద్దనే సర్టిఫికెట్టు పంపెదమనువారి మాట నమ్మవలదు. సంస్థ సొంత ప్రకటనను అధ్యాపకునిచేత చదివించుకొని నిర్ధారించుకొనవలెను.

అచటికి పోయిన విద్యార్థి యేమి చేయును? మొదటి దినములు చదువుటకు, పరికరములు పట్టుట నేర్చుటకు సరిపోవును. పిమ్మట ప్రయోగములు, వానిలో పెక్కు తప్పును. తెలుగు మాధ్యమమున చదివిన మా విద్యార్థిని యొకతె మొదటి వారము ఇంగ్లీషు మాటలు అందక రాత్రులు కన్నీరు పెట్టినదట. ఆమె తెలియని మాటలను పుస్తకమున వ్రాసుకొని మరునాడు అడుగుచు వచ్చెను. చివరి వారము తన పనిని గూర్చి నిలుచుండి అందరి యెదుట మాటలాడెను. కడపట నివేదిక వ్రాసి ఇచ్చి వచ్చెను.

ఆమెను పంపుటకు తండ్రి మొదట సమ్మతింపలేదు. దూరపు ఊరు, తెలియని మనుష్యులు అని ఆయన భయము. ఆ భయమును మేము తప్పుపట్టము. వారి వార్డు సభ్యురాలు ఆ ఇంటికి పోయి, వసతిగృహము వివరములు సంస్థ నుండి వ్రాతమూలకముగ తెప్పించి, తండ్రిని వెంట పంపి స్థలము చూపించిరి. టిక్కెట్టు సొమ్ము ముందుగ సర్దినది గూడ ఆమెయే. భృతి చేతికందిన పిమ్మట ఆ సొమ్ము తిరిగి ముట్టినది.

తిరిగి వచ్చిన యా బాలిక గ్రామసభలో ఒక మాట చెప్పినది. పంచాయతీకి వచ్చిన నీటి పరీక్ష పెట్టెతో ఒకే సారి చూచి బోరునీరు మంచిదని వ్రాయుట చాలదనియు, అదే బోరునుండి మూడు మారులు నీరు పట్టి, తేదీ, వేళ నమోదు చేయవలెననియు చెప్పినది. నాటినుండి ఆ పంచాయతీలో నీటి పుస్తకము ఉంచుచున్నారు. పరిశోధన ఊరికి చేయు మేలు ఇట్టిది.

కావున పంచాయతీ సభ్యులకు మా మనవి. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారము 11వ షెడ్యూలులోని 29 అంశములలో పాఠశాల విద్య, సాంకేతిక శిక్షణ, గ్రంథాలయములు గలవు. విద్యార్థికి త్రోవ చూపుట మన పరిధికి వెలుపలిది కాదు. మొదటిది, గ్రామమున డిగ్రీ చదువు బాలబాలికల పేర్లతో ఒక పుస్తకము ఉంచుడు. రెండవది, అక్టోబరు నెలలో సమీప కళాశాల అధ్యాపకుని పిలిపించి ఈ విషయము చెప్పించుడు. మూడవది, గ్రంథాలయమునగాని, పంచాయతీ కార్యాలయమునగాని కంప్యూటరును, ఇంటర్‌నెట్టును సాయంకాలము గంటసేపు విద్యార్థులకు విడువుడు. నాలుగవది, దరఖాస్తు పెట్టినవారు ప్రతిదినము ఈ-మెయిలు చూచుకొనుచున్నారా యని అడుగుడు. ఐదవది, టిక్కెట్టుకై దాతల విరాళములతో చిన్న చేబదులు నిధి ఏర్పరచుడు. పంచాయతీ సొమ్ము ముట్టుటకు ముందు నిబంధనలు తెలిసికొనుడు.

వీనిలో పెద్ద ఖర్చుతో కూడినది ఒక్కటియు లేదు. కావలసినది కొంచెము శ్రద్ధ, సకాలమున ఒక మాట. మేము ఆ మాట చెప్పుటలో ఒకమారు తప్పితిమి. మీ గ్రామమున ఆ తప్పు జరుగకుండ చూడుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.