ముల్లు దించుట వేరు, వేడి దించుట వేరు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయినది, పచ్చడి తిన్నాము. ఇప్పుడు నన్ను మాట్లాడమన్నారు. నేను రైల్వే గుమాస్తాను. నా చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. 1964లో సునాబెడలో మిగ్ విమానాల ఇంజన్ల కర్మాగారం నెలకొన్నది మొదలు అందులో పనిచేసిన కుటుంబాలు మన సంఘంలో ఎన్నో ఉన్నవి. వారి ఎదుట నేను విమానం ఇంజను సంగతి ఎత్తుకొనుట సాహసమే. తప్పులుంటే మన్నించి సరిదిద్దవలెనని ముందే మనవి చేస్తున్నాను.

మా అక్కా బావగారు అమెరికాలో ఉంటున్నారు. బావగారు ఇద్దరు స్నేహితులతో కలిసి కారు షెడ్డులో రెండు సీట్ల చిన్న విమానం స్వయంగా కట్టుకొన్నారు. ఆ దేశంలో ఇది వింత కాదు. ఇటువంటి వారు 1953లోనే విస్కాన్సిన్ రాష్ట్రంలో సంఘం పెట్టుకొన్నారు. మన దేశంలోనూ ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ ఇంటి మేడమీద ఆరు సీట్ల విమానం కట్టగా 2017లో దానికి ప్రభుత్వ నమోదు లభించినది.

బావగారి విమానం బాగానే ఎగిరినది. కాని పైకి ఎక్కేటప్పుడు ఇంజను ఆయిల్ వేడి 118 డిగ్రీల ఎర్రగీత దాకా పోవుచుండెను. పదేళ్ల మా మేనల్లుడు రెండవ సీటులో తానే మొదట కూర్చోవలెనని కలలు కంటున్నాడు. మా అక్క మాత్రం, "ఆ ముల్లు దిగేదాకా పిల్లవాడు ఎక్కడు, మీరూ ఎక్కవద్దు" అని కచ్చితంగా చెప్పినది.

ఆయిల్ వేడెక్కితే ఏమిటని మీరడగవచ్చు. ఇటువంటి ఇంజనులో ఏడెనిమిది లీటర్ల ఆయిల్ ఉంటుంది. అది రాపిడి తగ్గించడమే కాదు, లోపలి వేడిని మోసుకొనివచ్చి కూలరులో దించి మళ్లీ లోపలికి పోతుంది. మితిమీరి వేడెక్కితే పలుచబడుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, బేరింగులకు రక్షణ పోతుంది. ఆకాశంలో ఇంజను బిగుసుకుపోతే ప్రక్కకు తీసి ఆపుటకు రోడ్డు లేదు.

పైకి ఎక్కేటప్పుడే ఎందుకు? ఘాటీ ఎక్కే లారీని చూడండి. ఇంజనుకు పూర్తి పని, బండికి తక్కువ వేగం, తగిలే గాలి కొంచెం. పైగా ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలుచన. సముద్రతీరంతో పోల్చితే 870 మీటర్ల ఎత్తున ఉన్న మన కోరాపుట్‌లోనే గాలి సాంద్రత సుమారు నూటికి ఎనిమిది వంతులు తక్కువ.

బావగారు మొదట పెద్ద కూలరు కొని బిగించినారు. డబ్బు పోయినది, బరువు పెరిగినది, వేడి రెండు డిగ్రీలు తగ్గినది. అప్పుడు నాకు ఫోను చేసినారు. నాకేమి తెలుసును? సునాబెడలో రిటైరైన ఒక పెద్దాయన దగ్గరకు పోతిని. వారు ఈ సభలోనే ఉన్నారు, పేరు చెప్పవద్దన్నారు. వారు, "కొనడం ఆపి వెతకమను" అని నాలుగు ప్రశ్నలు చెప్పినారు.

మొదటిది: ముల్లు నిజం చెబుతున్నదా? వేడిని కనిపెట్టే సాధనాన్ని మంచి థర్మామీటరుతోపాటు వేడినీటిలో ఉంచి రెంటినీ పోల్చవలెను. నీరు మరిగితే నూరు డిగ్రీలని గుడ్డిగా నమ్మరాదు. మన కోరాపుట్‌లో నీరు 97 దగ్గరనే మరుగుతుంది. బావగారు పోల్చి చూచినారు. ముల్లు చెప్పినది నిజమే.

రెండవది: ఆయిల్ మొత్తం కూలరులోనికి పోతున్నదా? ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు కూలరుకు పోకుండ అడ్డదారిన పంపుటకు ఒక వాల్వు ఉంటుంది. సుమారు 85 డిగ్రీల దగ్గర అది సాగి ఆ అడ్డదారి మూసివేయవలెను. సరిగా మూయకపోతే వేడి ఆయిల్ చల్లబడకుండానే తిరిగి పోతుంది. దానిని విప్పి గిన్నెలో నీటితో వేడిచేసి చూచినారు. అదీ బాగున్నది.

మూడవది: లోపలికి వచ్చిన గాలి కూలరులోనుండే పోతున్నదా? చీకటిలో ఇంజను తొడుగు లోపల దీపం పెట్టి బయటనుండి చూడమన్నారు పెద్దాయన. గాలిని మళ్లించే రేకుల అంచున రబ్బరు పట్టీలు వంగి, వ్రేలు పట్టే సందుల నుండి వెలుతురు కనబడినది. గాలి సుఖమైన దారి చూచుకొని ఆ సందులనుండి పోవుచుండెను.

నాల్గవది: పోయిన గాలికి బయటికి దారి ఉన్నదా? రైలు పెట్టెలో ఒక ప్రక్క కిటికీలు మాత్రమే తెరిస్తే గాలి ఆడదు, ఎదుటి ప్రక్కవి కూడ తెరవవలెను. ఇదీ అంతే. బావగారి విమానంలో ముందు ద్వారం పెద్దది, క్రింద బయటికిపోవు దారి ఇరుకు. ఎంత పెద్ద కూలరైనా ఏమిచేస్తుంది?

సందులు మూసి, క్రింది దారి పెంచినారు. అటువంటి ఎండలోనే మళ్లీ ఎక్కి చూస్తే ముల్లు 97 దగ్గర నిలిచినది. మరీ చల్లబడుటా మంచిది కాదట. 80 దాటి వేడెక్కకపోతే ఆయిల్‌లో చేరిన తేమ పోక లోపల త్రుప్పు పట్టునట. ఈ నాలుగూ సరిగా ఉండి ఇంకా వేడెక్కితే మాత్రం పిస్టను రింగులూ బేరింగులూ చూడవలసి ఉంటుంది. ఎగురుతుండగా వేడెక్కితే ముక్కు దించి, వేగం పెంచి, ఇంజను బలం తగ్గించి, దిగిపోవుటే మార్గం.

ఈ కథ నాకంతగా పట్టుటకు ఒక కారణమున్నది. మూడేళ్ల క్రిందట ఒక రాత్రి నాన్నగారికి గుండెనొప్పి వస్తే జీపులో కోరాపుట్ తెస్తున్నాము. లక్ష్మీపురం దాటి ఘాటీలో ఇంజను బిగుసుకుపోయినది. ఆయిల్ ఒత్తిడి తగ్గినదని చెప్పే ఎర్రదీపం పది రోజులుగా వెలుగుతుంటే, చిరాకువేసి డ్రైవరు దాని వైరు పీకివేసినాడట! ఒక లారీ దొరకుటకు రెండు గంటలు పట్టినది. నాన్నగారి చెయ్యి పట్టుకొని ఆ చీకటిలో నిలబడిన రెండు గంటలు నేను మరువలేను. దైవకృప వలన ఆయన నేడు ముందు వరుసలో కూర్చొని ఈ మాటలు వింటున్నారు.

ఆ డ్రైవరు దీపం ఆర్పినాడు, జబ్బు ఆర్పలేదు. బావగారు కూలరు కొన్నారు, కారణం కొనలేకపోయినారు. ఈ పండుగకు దూరాలనుండి వచ్చినవారు తిరుగుప్రయాణం కట్టేముందు, బండి చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ కర్ర తీసి చూడండి. ఎర్రదీపం వెలిగితే ఆపండి. ఆలస్యమైనందుకు ఇంట్లో ఎవరూ కోపగించరు.

అమెరికాలో ఇంట కట్టిన విమానానికి ముందు సాధారణంగా 25 నుంచి 40 గంటలు పరీక్షగా ఎగిరిన తరువాతగాని ప్రయాణీకులను ఎక్కించరాదు. బావగారు ఆ గంటలు పూర్తిచేసినారు. మొన్న మా అక్క స్వయంగా ముల్లు చూచి, పిల్లవాడి నడుముకు బెల్టు తానే బిగించి, "పోయి రా నాయనా" అన్నదట.